మన ఇంటికి ఎన్ని ఇటుకలు?

మా పాత ఇండ్లకు ఇటుక లేదు. కొత్తగూడ, గూడూరు దిక్కు కోయపల్లెల్లో మేము పుట్టి పెరిగిన ఇండ్లు గుంజల మీద నిలబడ్డ ఇండ్లు. నడుమ నిట్టాడు, దాని మీద వెన్నుగర్ర, రెండు పక్కలకు వాసాలు, గోడకు వెదురు తడిక, తడికకు లోపలా బయటా మట్టి. ఇల్లు కట్టాలనుకున్నవాడు ఊర్లో పెద్దమనిషి దగ్గర కూర్చుంటే ఎన్ని గుంజలు, ఎన్ని వాసాలు, ఎన్ని మోపుల గడ్డి పడతాయో నోటితోనే చెప్పేవాడు. ఆ మూడు లెక్కలు తెలిస్తే ఇల్లు తెలిసినట్టే. లెక్క తక్కువ పడితే మర్నాడు మళ్లీ అడవికి పోయేవాళ్లు. ఫారెస్టోళ్ల భయం ఒకటి ఉండేది గాని, తక్కువ పడ్డందుకు అప్పు పుట్టేది కాదు.

ఇప్పుడు మనవాళ్లు కట్టేది స్లాబు ఇల్లు. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలైన తర్వాత కేసముద్రం చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో ముగ్గు పోయని వాడ లేదు. 5 లక్షల సాయం. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. పైసలు ఒక్కసారి రావు. పునాది లేచి బేస్‌మెంట్ అయితే మొదటి లక్ష, ఆ తర్వాత గోడలకు, స్లాబుకు, చివరి పనికి విడివిడిగా వస్తాయి. ప్రతి దశకూ ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. అంటే పని ముందు, పైసలు తర్వాత. బేస్‌మెంట్ లక్ష చేతికొచ్చేసరికి అది బేస్‌మెంట్‌కే అయిపోయి ఉంటుంది. గోడలు లేపితేనే రెండో బిల్లు. గోడలు లేపాలంటే ఇటుక కావాలి, సిమెంటు కావాలి, ఇసుక కావాలి. ఈ సందులోనే మనవాళ్లు అప్పు చేస్తారు. కేసముద్రం మార్కెట్‌లో అడ్తిదారు దగ్గరికి పోయి, రాబోయే మిర్చి మీదనో మక్కల మీదనో తెచ్చుకుంటారు. అందుకే ఎన్ని ఇటుకలు అన్న ప్రశ్న చిన్నది కాదు. ఎంత అప్పు అన్న ప్రశ్నకు అది ఇంకో పేరు.

ఆ లెక్క చెప్పేది మాత్రం మనం కాదు. ఇటుకలు అమ్మేవాడు చెప్తాడు, ట్రాక్టరు ఓనరు చెప్తాడు, మేస్త్రీ చెప్తాడు. ఎనిమిదో తరగతిలో ఘనపరిమాణం పాఠం చదివిన పిల్ల అదే ఇంట్లో ఉంటుంది. ఆ పిల్లను ఎవరూ అడగరు. అడగాలని ఆ పిల్లకూ తోచదు. టీచర్లుగా మనకు ఇది పట్టాలి.

మా బడికి దగ్గరి గూడెంలో ఒక అవ్వకు ఇల్లు మంజూరైంది. వరుసకు మాకు పెద్దమ్మ. బేస్‌మెంట్ అయింది. మేస్త్రీ వచ్చి, "పదివేల ఇటుక తెప్పియ్యి పెద్దమ్మా, తక్కువ పడితే పని ఆగుతది" అన్నాడు. మేస్త్రీ చెడ్డవాడని మేము చెప్పడం లేదు. అతని భయం అతనిది. పని నడుమ ఇటుక అయిపోతే అతనికీ, ఇద్దరు కూలీలకూ ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి అతనెప్పుడూ ఎక్కువే చెప్తాడు. మిగిలిన ఇటుకకు అతని పైసలు పోవు కదా. అవ్వ మమ్మల్ని అడిగింది. మేము ఎనిమిదో తరగతి పిల్లలను నలుగురిని, ఒక టేపును తీసుకుని పోయినం.

ఇంటి బయటి కొలత 25 ఫీట్లు, 16 ఫీట్లు. సరిగ్గా 400 చదరపు అడుగులు. బయటి గోడలు 9 ఇంచులవి, లోపలి అడ్డగోడలు ఒక ఇటుక వెడల్పువి, అంటే 4 ఇంచులవి. ఎత్తు 10 ఫీట్లు.

మొదట బయటి గోడల పొడవు. చుట్టూ కొలిస్తే 82 ఫీట్లు. కాని మూలల దగ్గర ఒకే గోడను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. నాలుగు మూలలకు ముప్పావు ఫీటు చొప్పున 3 ఫీట్లు తీసేస్తే 79. దాన్ని ఎత్తు 10తో గుణిస్తే 790 చదరపు అడుగులు. ఇందులోంచి తలుపులు, కిటికీలు పోవాలి. ముందు తలుపు మూడున్నర బై ఏడు, వెనక తలుపు మూడు బై ఏడు, కిటికీలు నాలుగు బై నాలుగువి మూడు, బాత్రూం వెంటిలేటరు ఒకటి. అన్నీ కలిపి 95 దాకా వచ్చింది. చుట్టూ పోసే లింటెల్ అర ఫీటు మందం, అది కాంక్రీటు, ఇటుక కాదు. దానికి 40 తీసేయాలి. మిగిలింది 655 చదరపు అడుగుల గోడ. మందం ముప్పావు ఫీటుతో గుణిస్తే 491 ఘనపుటడుగులు. మేస్త్రీలు దీన్నే సీఎఫ్టీ అంటారు.

ఇక్కడిదాకా పిల్లలు తడబడలేదు. ఇక్కడ ఒక పిల్లవాడు పాఠంలో చెప్పినట్టే చేసిండు. మా దగ్గర దొరికే ఇటుక 9 ఇంచుల పొడవు, 4 ఇంచుల వెడల్పు, 3 ఇంచుల మందం. మూడూ గుణిస్తే 108 ఘనపు ఇంచులు. ఒక ఘనపుటడుగులో 1728 ఘనపు ఇంచులు. భాగిస్తే 16. కాబట్టి 491ని 16తో గుణించి 7,856 అని పలక మీద రాసిండు. పరీక్షలో దానికి పూర్తి మార్కులు పడతాయి. గోడకు మాత్రం పనికిరాదు. ఇటుకకూ ఇటుకకూ నడుమ మాలు ఉంటుంది కదా. అర ఇంచు మాలు పడితే ఒక్కో ఇటుక గోడలో తొమ్మిదిన్నర, నాలుగున్నర, మూడున్నర ఇంచుల చోటు తీసుకుంటుంది. గుణిస్తే దగ్గరదగ్గర 150. ఘనపుటడుగుకు 16 కాదు, పదకొండున్నర. ఆ లెక్కన 491 ఘనపుటడుగులకు 5,670 ఇటుకలు. రెండు లెక్కలకూ తేడా 2,186 ఇటుకలు. పాఠంలో మాలు లేని ఇటుకల లెక్కలు చెప్పి వదిలేసే టీచర్లు ఈ తేడాను ఒక్కసారి బోర్డు మీద వేసి చూపించాలని మా కోరిక. పిల్లలకు ఘనపరిమాణం ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

మీటర్లలో చెప్పాలంటే ఇంకా సులువు. ప్రమాణం ప్రకారం మాడ్యులర్ ఇటుక 19, 9, 9 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు మాలు కలిపితే 20, 10, 10. ఘనపు మీటరుకు సరిగ్గా 500. కాని ఆ ఇటుక మా దిక్కు బట్టీల్లో కనిపించదు. టేపు పెట్టి మీ ఊరి ఇటుకనే కొలవండి. పది ఇటుకలను వరుసగా పేర్చి కొలిచి, పదితో భాగిస్తే ఇంకా నిక్కచ్చిగా వస్తుంది.

లోపలి గోడలు కలిపి 36 ఫీట్లు. పది ఫీట్ల ఎత్తుకు 360, మూడు తలుపులు, లింటెల్ తీసేస్తే 282 చదరపు అడుగులు. ఈ సన్న గోడకు చదరపు అడుగుకు నాలుగుకు కొంచెం ఎక్కువ, 4.33. అంటే 1,220 చిల్లర. రెండూ కలిపి 6,900 లోపు. విరిగేవాటికి, మూలల్లో కొట్టి వాడేవాటికి నూటికి 5 చొప్పున కలిపితే 7,240. స్లాబు మీద రెండు ఫీట్ల పిట్టగోడకు 700. మొత్తం 7,940. ఎనిమిది వేలు అనుకున్నాం.

అవ్వ పలక వైపు చాలాసేపు చూసింది. "బిడ్డా, పలక మీద రాసింది గోడ మీద నిలబడ్తదా?" అని అడిగింది.

ఆ మాటకు జవాబు పలకలో లేదు, మాలులో ఉంది. ఇటుకల లెక్క నిలబడాలంటే మాలు అర ఇంచు దాటకూడదు. తొందరలో ఉన్న మేస్త్రీ ముప్పావు ఇంచు వేస్తాడు. అప్పుడు ఏమవుతుంది? బయటి గోడలకే దాదాపు 780 ఇటుకలు తక్కువ పడతాయి. ఇంటివాళ్లు సంబురపడతారు, మేస్త్రీ ఇటుక మిగిలించిండని. కాని ఆ సందులన్నీ నింపింది సిమెంటూ ఇసుకా. మా లెక్కలో బయటి గోడలకు 20 బస్తాల సిమెంటు పడితే, ముప్పావు ఇంచు మాలుకు 27 దాటుతుంది. ఏడు బస్తాలు ఎవరికీ కనపడకుండా గోడలోకి పోతాయి. పైగా మందపు మాలుతో కట్టిన గోడకు బలం తక్కువ.

దీన్ని పట్టుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఇటుక మందం మూడు, మాలు అర, కలిపి మూడున్నర ఇంచులు ఒక వరుస. తలుపు ఎత్తు 7 ఫీట్లు అంటే 84 ఇంచులు. భాగిస్తే 24. బేస్‌మెంట్ మీది నుంచి లింటెల్ కింది దాకా 24 వరుసలు ఉండాలి. 22 ఉంటే మాలు మందంగా పడ్డట్టే. మా పిల్లలు ఒక వెదురు బద్ద మీద మూడున్నర ఇంచులకొక గీత చొప్పున 24 గీతలు గీసి అవ్వ చేతికిచ్చిండ్రు. అవ్వకు అంకెలు చదవరావు, గీతలు లెక్కపెట్టడం బాగా వచ్చు. రోజూ సాయంత్రం బద్దను గోడకు ఆనించి చూసేది. మేస్త్రీ మొదట నవ్విండు, రెండో రోజు కోపం చేసిండు, మూడో రోజు నుంచి తనే ఆ బద్ద అడిగి తీసుకున్నడు.

మాలు లెక్క ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు కష్టమనిపించేది ఇదే. గోడ ఘనపరిమాణంలోంచి ఇటుకల ఘనపరిమాణం తీసేస్తే మిగిలేది తడి మాలు. బయటి గోడ 491లో ఇటుకలు 354, మాలు 137. పొడి సిమెంటు, పొడి ఇసుక కలిపి నీళ్లు పోస్తే కుంగిపోతాయి, కాబట్టి మూడో వంతు కంటే కొంచెం తక్కువ కలిపి, 1.3తో గుణించి 178 తీసుకోవాలి. 9 ఇంచుల గోడకు ఒకటికి ఆరు కలిపితే మొత్తం ఏడు పాళ్లు. 178ని 7తో భాగిస్తే 25 ఘనపుటడుగుల సిమెంటు. 50 కిలోల బస్తాలో ఉండేది ఒకటీ పావు ఘనపుటడుగు. అంటే 20 బస్తాలు. సన్న గోడలకు మాలు గట్టిగా, ఒకటికి నాలుగు కలపాలి. లోపలి గోడలకు 4, పిట్టగోడకు 2 బస్తాలు. మొత్తం 26. ఇసుక 180 ఘనపుటడుగులు. పూత పని వేరే. కట్టుబడికి పట్టినంత సిమెంటు దాదాపు పూతకూ పడుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటికి ఆరు అని మేస్త్రీ నోటితో చెప్తాడు, కూలి మనిషి తట్టతో పోస్తాడు. తట్ట ఒకసారి నిండా ఉంటుంది, ఒకసారి వెలితిగా ఉంటుంది. అందుకే ఒక చెక్క పెట్టె చేయించండి. లోపలి కొలత ఒక ఫీటు పొడవు, ఒక ఫీటు వెడల్పు, 15 ఇంచుల ఎత్తు. అది సరిగ్గా ఒక సిమెంటు బస్తా. బస్తా విప్పితే ఆరు పెట్టెల ఇసుక. అంతే. మా బడిలో పాత బెంచీ చెక్కతో చేసిన పెట్టె ఇప్పుడు బడిలో ఉండదు, ఎవరో ఒకరి ఇంటి దగ్గరే ఉంటుంది. ఒకటికి ఎనిమిది కలిపితే సిమెంటు మిగులుతుంది కదా అని కొందరు అడుగుతారు. బయటి గోడలకు అట్ల మిగిలేది నాలుగు బస్తాలు. ఆ నాలుగు బస్తాల కోసం గోడను బలహీనం చేసుకోవద్దని మా మాట. కలిపిన మాలును మాత్రం అరగంట, గంట లోపల వాడాలి. ఒక్కసారి రెండు మూడు బస్తాలు కలిపి పెట్టి బువ్వకు పోయే పద్ధతి చాలాచోట్ల చూస్తున్నాం.

ఇసుక మాకు ఆకేరు, మున్నేరు లాంటి ఏర్ల నుంచి వస్తుంది. ట్రిప్పు అంటే ఎంత అని అడిగితే "ట్రాక్టరు నిండా" అంటారు. ట్రాలీని కొలవండి. లోపల పొడవు 10, వెడల్పు 6, ఇసుక ఎత్తు ఒకటీ ముప్పావు ఫీటు ఉంటే 105 ఘనపుటడుగులు. మన గోడలకు రెండు ట్రిప్పులు. ఇంకొక సంగతి. తడి ఇసుక ఉబ్బుతుంది. కొంచెం తేమ ఉన్న ఇసుక పొడి ఇసుక కంటే నాలుగో వంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నమ్మకపోతే గ్లాసులో తేమ ఇసుక పోసి, గీత గీసి, నిండా నీళ్లు పోసి కలిపి చూడండి, ఇసుక దిగిపోతుంది. సైన్సు పీరియడుకు దీనికంటే చవకైన ప్రయోగం లేదు.

సిమెంటు పొదుపు కోసం అడుసుతో ఇటుక కట్టి, పైన సిమెంటు పూత వేసుకునే వాళ్లు మనలో ఉన్నారు. 2024 సెప్టెంబరు 1 నాటి వాన గుర్తుందా? ఇంటికన్నె, కేసముద్రం నడుమ రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడినయి, రైళ్లు ఆగిపోయినయి. ఆ వాన తర్వాత మేము తిరిగిన చోట్ల అడుసుతో కట్టిన గోడలు అడుగున నాని ఒరిగిపోయి ఉన్నాయి. పూత పైకి బాగానే ఉంది, లోపల పట్టు లేదు. మట్టి గోడను మేము తక్కువ చేయడం లేదు. మా తడిక గోడ కూలితే నాలుగు రోజుల్లో మళ్లీ లేచేది. 5 లక్షల ఇల్లు అట్ల లేవదు.

ఇటుక కొనేటప్పుడు రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొట్టి చూడాలి, ఖంగుమనాలి. గోరుతో గీస్తే గీత పడొద్దు. నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే పగలొద్దు. ఒక ఇటుకను పొడిగా తూకం వేసి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూకం వేస్తే బరువు అయిదో వంతు కంటే ఎక్కువ పెరగొద్దు. 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటితే వద్దనండి. కట్టేముందు ఇటుకలు తడపడం, కట్టినంక కనీసం వారం రోజులు గోడకు నీళ్లు కొట్టడం మానొద్దు. బోరు దూరమని, కరెంటు లేదని ఇదే మొదట మానేస్తారు.

ధర మేము రాయడం లేదు, అది కాలానికీ దూరానికీ మారుతుంది. ఒకటే గుర్తుపెట్టుకోండి. ఎనిమిది వేల ఇటుకల ఇంటికి ఇటుక మీద ఒక్క రూపాయి తేడా అంటే 8 వేల రూపాయలు. ట్రాక్టరు దించేటప్పుడు వరుసలు లెక్కపెట్టండి. పొడవులో ఎన్ని, ఎత్తులో ఎన్ని, వెడల్పులో ఎన్ని, మూడు గుణిస్తే వచ్చేస్తుంది. అదీ ఘనపరిమాణమే. ఇప్పుడు చాలామంది సిమెంటు దిమ్మెలు వాడుతున్నారు. 16, 8, 6 ఇంచుల దిమ్మె చదరపు అడుగుకు దాదాపు ఒకటి పడుతుంది. లెక్క సులువు, గోడ సన్నగా ఉంటుంది కాబట్టి లోపల చోటు కూడా కొంచెం కలిసొస్తుంది.

వెయ్యి లెక్కన ఇటుకలు కొంటున్నప్పుడు, వెయ్యి లెక్కన వాటిని చేసినవాళ్లు గుర్తుకు రావాలి. తెలంగాణ బట్టీల్లో చాలా చోట్ల పనిచేసేది పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపాడా, కలహండి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్లలో ఆదివాసులు, దళితులు ఎక్కువ. ఊర్లోనే అడ్వాన్సు తీసుకుని, ముగ్గురు ముగ్గురు జట్టుగా వచ్చి, వెయ్యి ఇటుకలకు ఇంత అని పనిచేస్తారు. కాల్చకముందే వానకు కరిగిపోయిన ఇటుక చాలాచోట్ల వాళ్ల లెక్కలోకి రాదు. ఎన్ని వేలు చేశారో, అడ్వాన్సు ఎంత తీరిందో రాసే పుస్తకం వాళ్ల చేతిలో ఉండదు. పిల్లలు బడికి కాకుండా బట్టీకి వస్తారు. మనం ఆ భాష మాట్లాడం, వాళ్లు మనల్ని చుట్టాలనుకోరు. అయినా ఇటుక లెక్క తెలియక మనం పోగొట్టుకునేదీ, వాళ్లు పోగొట్టుకునేదీ ఒకే చోట పోతున్నయి. ఈ సంగతి మా పిల్లలకు పలక దగ్గరే చెప్పినం. ఒక పిల్ల లేచి, "మరి వాళ్లకు బద్ద ఎవరు గీసిస్తరు సార్?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

అవ్వ ఎనిమిది వేలే తెప్పించింది. మేస్త్రీ చెప్పిన పదివేలలో రెండు వేల ఇటుకల అప్పు తప్పింది. గోడలు లింటెల్ దాకా 24 వరుసలకు వచ్చినయి. నడుమ ఒక రోజు ట్రాక్టరులో పచ్చి ఇటుకలు కలిసి వస్తే అవ్వ కొట్టి చూసి మోగనివి పక్కకు పెట్టించి, మార్చిందాకా డ్రైవరును కదలనియ్యలేదు. గోడల ఫోటో యాప్‌లోకి ఎక్కింది. స్లాబు ముందు మేస్త్రీయే బడికి వచ్చి, "సారూ, స్లాబుకు ఎన్ని బస్తాలైతయో పిల్లలతోని ఎక్కించి ఇయ్యరాదు" అన్నడు. కాంక్రీటులో కంకర కూడా ఉంటుంది కాబట్టి ఆ లెక్క వేరే. 5 ఇంచుల స్లాబుకు పిల్లలు 37 బస్తాలు తేల్చిండ్రు. మేస్త్రీ తన నోటి లెక్క 40 అని చెప్పి, ఈసారి పిల్లలతో బేరం ఆడలేదు.

పిట్టగోడ కూడా అయ్యాక 170 ఇటుకలు మిగిలినయి. వాటితో అవ్వ కోళ్లకు గూడు కట్టించుకుంది. దానికి మా లెక్క అడగలేదు.